మొండికేసిన చేపకు మంచుదేశపు గాలం: కర్నూలు నీళ్లలో ఒక చిన్న కిట్టు పనితనం

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో సరస్సులు గడ్డకట్టిన తరువాత ఆ మంచుకు రంధ్రం వేసి, దాని పక్కనే కూర్చుని క్రాపీ అనే చేపను పట్టడం కోసం తయారుచేసే గాలం కిట్టు ఒకటి ఉంది. మినియాపొలిస్‌లో ఉండే మా మేనల్లుడు సంక్రాంతికి ఊరికి వస్తూ దాన్ని తెచ్చి ఇచ్చాడు. మంచుగడ్డను ఫ్రిజ్జులో తప్ప చూడని కర్నూలులో ఆ వస్తువుతో ఏం పని అని అడిగేవారు ఉంటారు. ఎర ముందుకు వచ్చి కూడా నోరు తెరవని చేపను దృష్టిలో పెట్టుకుని చేసిన పనిముట్టు అది. అటువంటి చేపకు మన దగ్గరా కొదవ లేదు కనుక, మన నీళ్లలో అది ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో వాడి చూసిన మీదట ఇక్కడ రాస్తున్నాను.

వానాకాలపు ఎర్రనీరు తేరుకుని తుంగభద్ర నిలకడగా కనిపించే డిసెంబరు, జనవరి నెలల్లో గాలం వేసేవారందరికీ తెలిసిన బాధ ఇది. తెల్లవారుజాము చలి పదిహేను, పదహారు డిగ్రీలకు దిగే రోజుల్లో ఒడ్డువార నీరు చేతికి జివ్వుమంటుంది. మనం జిలేబీ అని పిలిచే తిలాపియా ఆఫ్రికా నుంచి వచ్చిన వెచ్చని నీటి చేప. నీటి వేడిమి ఇరవై డిగ్రీల కిందికి వచ్చేసరికి దానికి మేత మీద యావ తగ్గిపోతుంది. వేసవిలో గోధుమపిండి ముద్ద నీటిలో పడీ పడకముందే లాక్కుపోయే ఆ చేపే, చలి పొద్దుల్లో ముద్ద దగ్గరికి వచ్చి, కడుపు నిండిన చుట్టం మొహమాటానికి విస్తట్లో వేలుపెట్టినట్టు, అంచును కాస్త ముట్టి వదిలేస్తుంది. బెండు కదిలినట్టే ఉంటుంది, లాగితే ఖాళీ ముల్లు వస్తుంది. దీనికి మనవాళ్లు చేసే వైద్యం ఎరను పెద్దది చేయడం, లేదా గానుగపిండి కలిపి వాసన పెంచడం. ఈ కిట్టు వెనుక ఉన్న ఆలోచన దానికి పూర్తిగా ఎదురు. ఎరను తగ్గించాలి, దారాన్ని సన్నం చేయాలి, కదలికను దాదాపు ఆపేయాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఎరను చేప కంటికి పైన ఉంచాలి.

ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలియాలంటే క్రాపీ గురించి కొంత చెప్పుకోవాలి. అది ఉత్తర అమెరికా మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబానికి చెందినది. నల్లది, తెల్లది అని రెండు జాతులు ఉన్నాయి. దాని నోటి చుట్టూ ఉండే పొర కాగితమంత పలుచన, గట్టిగా గుంజితే ముల్లు ఆ పొరను చీల్చుకుని ఊడివస్తుంది. కళ్లు తలకు పైవైపుగా ఉంటాయి, నోరు పైకి తెరుచుకుంటుంది. అందువల్ల అది తనకు పైన ఉన్నదాన్ని చూసి లేచి తింటుందే గాని, కిందికి దిగి తినడం అరుదు. చలికాలంలో అది సరస్సులోని లోతైన చోటికి చేరి, అడుగుకూ మంచుకూ నడుమ గుంపులుగా నిలుస్తుంది. నీరు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కనుక ఆ నీరు అడుగున చేరుతుంది, అంతకన్నా చల్లనిది పైన మంచుకు ఆనుకుని ఉంటుంది. ఆ చలిలో చేప ఒంటి పనులన్నీ నెమ్మదిస్తాయి, తిన్నది అరగడానికే చాలాసేపు పడుతుంది, దేన్నీ వెంటాడి తినే ఓపిక దానికి ఉండదు. కంటికి ఆనీ ఆనని నీటి పురుగులతో, అడుగు బురదలోంచి లేచే లార్వాలతో కాలం గడుపుతుంది. తినేటప్పుడు నోటిని టక్కున తెరిచి నీటితో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తుంది. దారం మందంగా, బిరుసుగా ఉంటే ఆ పీల్పుకు ఎర కదిలి నోట్లోకి వెళ్లదు. ఇటువంటి చేపను పట్టాలని పట్టుబట్టినవారు తమ పనిముట్లను ఏటికేడు కుదించుకుంటూ, సన్నం చేసుకుంటూ వచ్చారు. ఆ కుదింపు చివర తేలినదే నా చేతిలో ఉన్న కిట్టు.

పెట్టెలో ఉన్నవి ఇవి: ఇరవై ఎనిమిది అంగుళాల పొట్టి గాజుపీచు కర్ర, అరచేతిలో ఇమిడే రీలు, రెండు పౌన్ల బరువును, అంటే కిలోకు కాస్త తక్కువను, ఆపగల నైలాను దారం, కర్ర కొసకు తగిలించే స్ప్రింగు పట్టీ, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో టంగ్‌స్టన్ అనే బరువైన లోహపు జిగ్గులు (మెడ దగ్గర బరువు గుండు ఉన్న ముళ్లు), మెత్తటి ప్లాస్టిక్ పురుగుల పొట్లం, చీకట్లో వెలిగే పూత పూసిన బెండు, ఆ పూతను వెలిగించడానికి ఒక టార్చి. అక్కడ నలభై డాలర్లు, మన లెక్కలో మూడున్నర వేల దాకా అవుతుంది. ఇవే సామాన్లను ఇంచుమించు ఇదే పోలికతో అనేక కంపెనీలు అమ్ముతున్నాయి కనుక, ఒక పేరు పట్టుకుని వెతకవలసిన పని లేదు. మూడున్నర వేలకు తగిన సరుకు ఇందులో ఉందా అంటే, సగానికి మాత్రమే ఉందని నా అభిప్రాయం. ఆ సగం స్ప్రింగు పట్టీలోనూ జిగ్గుల్లోనూ ఉంది.

స్ప్రింగు పట్టీ చూడటానికి అల్పమైన వస్తువు. చిటికెన వేలంత పొడవున్న పలుచని ఉక్కు రేకు, కొసన రంగు పూసిన గుండు, ఆ గుండులో దారం దూరే రంధ్రం, అంతే. కర్ర కొసకు దాన్ని తొడిగి, దారాన్ని గుండులోంచి దూర్చి జిగ్గును నీటిలోకి వదిలితే, జిగ్గు బరువుకు రేకు కొద్దిగా కిందికి వంగి నిలుస్తుంది. రేకును ముందుకూ వెనక్కూ జరిపి ఆ వంపును మన జిగ్గు బరువుకు తగినట్టు సరిచేసుకోవచ్చు; వంగీ వంగనట్టు, గుండు ఒక గింజంత కిందికి దిగినట్టు ఉంటే సరైన అమరిక. ఇక చేప ఎరను కిందికి లాగితే రేకు వంగుతుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. అసలు పనితనం దీనికి తలకిందులుగా ఉంటుంది. చేప కిందినుంచి లేచి ఎరను నోట్లోకి తీసుకుని ఉన్నచోటే నిలిచినప్పుడు, జిగ్గు బరువు దారం మీది నుంచి తొలగిపోతుంది, వంగి ఉన్న రేకు నెమ్మదిగా తిన్నబడుతుంది. కర్ర పట్టుకున్న చేతికి ఏమీ తెలియదు, దారం కూడా కదలదు, రేకు మాత్రం లేస్తుంది. క్రాపీ విషయంలో ఇటువంటి పట్టు ఎక్కువని మా మేనల్లుడు చెప్పగా విన్నాను. మన జిలేబీ కూడా చలిలో ఇలాగే పట్టుకుంటుందని ఆ రేకు వాడాక కళ్లారా చూశాను.

ఈ మాట విన్నవెంటనే పాతకాలపు గాలగాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైనదే. నెమలి ఈక కాడను బెండుగా కట్టి, సీసం గుండ్లతో దాన్ని తూచి, బియ్యపు గింజంత కొస మాత్రమే నీటిపైన నిలిచేలా చేసుకున్నవాడికి ఈ లేపే పట్టు కొత్తేమీ కాదు. చేప ఎరను ఎత్తగానే కాడ పైకి లేచి నీటిమీద పడుకుంటుంది, బెండు మునిగేదాకా చూడకుండా అప్పుడే ఎత్తేవాడు చేపను ఇంటికి తెస్తాడు. అంటే స్ప్రింగు పట్టీ ఇచ్చే సమాచారంలో చాలా భాగం మన ఈక కాడ కూడా ఇస్తుంది, పైసా ఖర్చు లేకుండా. తేడా ఒకచోట ఉంది. బెండు కట్టిన దారంలో ఎర లోతు ముందే ఖరారైపోతుంది. చేప ఎర కింద నిలిచి చూస్తున్నప్పుడు ఎరను ఒక్క వేలెడు పైకి లేపి మళ్లీ నిలపాలంటే బెండు మొత్తాన్ని కదిలించాలి, నీటిమీద అల పుడుతుంది. స్ప్రింగు కట్టిన కర్రతో ఎరను ఎంత కావాలంటే అంత, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా పైకి తేవచ్చు, తెస్తున్నంతసేపూ పట్టును గమనించవచ్చు. మొండి చేపతో పని ఈ పైకి తేవడంలోనే ఉంది కనుక, ఈ ఒక్క సౌకర్యానికే ఆ రేకు ముక్కకు విలువ కట్టాలి.

జిగ్గు అంటే ముల్లు మెడ దగ్గరే బరువు పోత పోసిన గాలం. మన అంగళ్లలో దొరికేవి సీసంతో చేసినవి, వాటిలో అన్నిటికన్నా చిన్నది కూడా శనగగింజకు తక్కువ ఉండదు. కిట్టులోవి మూడు, నాలుగు, అయిదు మిల్లీమీటర్ల గుండువి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11 గ్రాముల పైచిలుకు కాగా, శుద్ధ టంగ్‌స్టన్‌ది 19 గ్రాములకు పైన; కనుక అదే బరువును టంగ్‌స్టన్‌తో చాలా చిన్న గుండులో ఇమడ్చవచ్చు. నాలుగు మిల్లీమీటర్ల జిగ్గు బరువు గ్రాముకు కాస్త తక్కువే అయినా, ఆ సన్నని దారాన్ని నిటారుగా లాగి ఉంచి, రెండాళ్ల లోతుకు తొందరగా దిగుతుంది, స్ప్రింగును సరిగ్గా వంచుతుంది. చేప కంటికి మాత్రం అది ఒక చిన్న నీటి పురుగంతే కనిపిస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, పెట్టె మీద ఎక్కడా రాయలేదు. దారం ముడి జిగ్గు కన్నానికి నడినెత్తిన ఉంటే జిగ్గు నీటిలో అడ్డంగా, ఈదుతున్న పురుగు తీరులో నిలుస్తుంది. ముడి ముందుకు జారితే ముల్లు తోక కిందికి వేలాడుతుంది. ఒక చేపను ఎత్తిన తరువాత, లేదా దేనికైనా తగులుకుని విడిపించిన తరువాత, ముడి తప్పకుండా జారుతుంది. ప్రతిసారీ గోటితో దాన్ని వెనక్కి జరపడం అలవాటు చేసుకోవాలి. వేలాడే జిగ్గును ముట్టని చేప, సరిచేసి మళ్లీ దించగానే ముట్టడం చూశాక దీన్ని చాదస్తం అనుకోవడం మానేశాను.

చూశాను అని ఇంత ధీమాగా రాయడానికి కారణం ఒక దిగుడుబావి. కోడుమూరు వైపు బంధువుల పొలంలో రాతి మెట్లతో ఉన్న ఆ బావిలో చలికాలంలో నీరు అడుగు రాయి కనిపించేంత తేటగా ఉంటుంది, దానిలో ఎవరో ఎప్పుడో వదిలిన జిలేబీల సంతతి గుంపులుగా తిరుగుతుంటుంది. మెట్టు మీద కూర్చుని కాళ్ల ముందున్న నీటిలోకి పొట్టి కర్రతో నిలువునా గాలం దించడం, మంచుకు వేసిన రంధ్రంలోకి దించడానికి మన ప్రాంతంలో దొరికే అతి దగ్గరి ఏర్పాటు. బావి నీరు నది అంతగా చల్లబడదు కనుక అక్కడ చేప మొండికేయడానికి చలి కన్నా నీటి తేటదనమే కారణం; దారాన్నీ, మనిషి నీడనూ, ఎరలోని లోపాన్నీ అది తీరిగ్గా చూసుకోగలదు. మనకూ అదే సౌకర్యం ఉంది. పొద్దు ఎక్కి ఎండ ఏటవాలుగా నీటిలోకి దిగే వేళకు, ఒక గుంపు లేచివచ్చి జిగ్గుకు జానెడు దూరంలో ఆగింది. రెక్కలు ఆడిస్తూ నిలిచాయే గాని ఏదీ ముందుకు రాలేదు. జిగ్గును ఎగరేసినట్టు కదిలిస్తే గుంపు మొత్తం చెదిరి గోడవారకు పోయింది. కదపకుండా ఉంచితే తిరిగి వచ్చింది. అప్పుడు రీలు తిప్పకుండా, మణికట్టును మాత్రం ఎత్తుతూ, జిగ్గును సగం వేలెడు పైకి తెచ్చి ఆపితే, అరచేతి పొడవున్న ఒక చేప గుంపులోంచి విడివడి అంతే మేర పైకి లేచింది. మళ్లీ సగం వేలెడు ఎత్తితే మళ్లీ లేచింది, ఈసారి దూరం తగ్గించుకుంది. మూడోసారి ఆపినప్పుడు దాని మొప్పలు ఒక్కసారి విచ్చుకున్నాయి, జిగ్గు కనిపించకుండా పోయింది. అదే క్షణంలో కళ్లు పైకెత్తితే స్ప్రింగు గుండు తిన్నగా లేచి ఉంది. చేప మాత్రం ఏమీ జరగనట్టు ఉన్నచోటే నిలిచి ఉంది. ఇంకొక రెప్పపాటు ఆలస్యమైతే జిగ్గును ఊసేసేది. ఈక కాడలా తూచి కట్టని మామూలు బెండు అయితే అటువంటి పట్టు వచ్చిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

బావి చూపిన మరొక సంగతి కిట్టులోని రీలు లోపం. ఈ చిన్న రీళ్లలో దారం చుట్టుకునే తీరు వల్ల దానిలో మెలి పడుతుంది, కిందికి దించాక ఆ మెలి విప్పుకుంటూ జిగ్గు గిర్రున తిరుగుతుంది. నదిలో అది ఎవరికీ కనిపించదు. బావిలో, జిగ్గు తిరుగుతున్నంతసేపూ చేపలు దూరంగానే ఉన్నాయి. తిరగడం ఆగేదాకా నీటి పైపొరలోనే జిగ్గును వేలాడనిచ్చి, ఆగాక కిందికి దించితే సరిపోతుంది. లేదా జిగ్గుకు మూరెడు పైన అతి చిన్న స్వివెల్‌ను, అంటే మెలి పడకుండా తిరిగే లోహపు కొక్కేన్ని, ముడి వేసుకోవచ్చు. అమెరికాలో ఈ తంటా లేకుండా దారాన్ని తిన్నగా చుట్టే వేరే రకం రీళ్లు వచ్చాయి, వాటి ధర వేరే.

కదలిక విషయంలో మేనల్లుడు నేర్పిన పద్ధతి సంక్షిప్తంగా ఇది. జిగ్గును చేప ఉండే లోతుకు పైనే ఆపాలి, ఎన్నడూ దాని తల మీదికో కిందికో దించకూడదు. "కర్రను ఊపొద్దు మామా, చేతిలో వణుకు పుట్టిందనుకో, అంత చాలు" అన్నాడు. ఆ వణుకు కొన్ని క్షణాలు, ఆ తరువాత కదలకుండా పది అంకెలు లెక్కించేంత విరామం. చేప సాధారణంగా ఆ విరామంలోనే పట్టుకుంటుంది. లేచి వస్తే పైకి తేవాలి, ఆగిపోతే మనమూ ఆగాలి, వెనుదిరిగితే ఇంకా చిన్న జిగ్గు కట్టాలి. మేనల్లుడు ఉండే మినసోటా రాష్ట్రంలో మంచు మీద ఒక మనిషి రెండు గాలాలు వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది కనుక, అక్కడివాళ్లు ఒకదాన్ని ఇలా ఆడిస్తూ రెండోదానికి బతికున్న చిన్న చేపను గుచ్చి ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆడే జిగ్గును చూసి దగ్గరికి వచ్చిన చేప, దాన్ని కాదని పక్కన ఊరకే ఉన్న ఎరను పట్టుకోవడం తరచూ జరుగుతుందట. ఇక్కడ ఆ రెండో గాలం స్థానంలో ఈక కాడ కట్టిన వెదురు కర్రనూ, వానపాము ముక్కనూ ఉంచితే పని జరిగింది. మేనల్లుడి మాటకు మన అలవాటును జోడించుకోవడంలో నష్టమేమీ లేదు.

నది మీద ఈ పొట్టి కర్ర ఒడ్డునుంచి ఎందుకూ కొరగాదు. ఇరవై ఎనిమిది అంగుళాల కర్రతో గ్రాము బరువును ఎంత విసిరినా అది కాళ్ల దగ్గరే పడుతుంది. కేసీ కాలువకు నీరు మళ్లించే సుంకేసుల బ్యారేజీకి ఎగువన, గేట్లకు బాగా దూరంగా, నీరు నిలిచి ఉండే చోట చేపలు పట్టేవారి పుట్టిలో కూర్చున్నప్పుడే దాని పొట్టితనం వరమైంది. పుట్టిలో ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి, అక్కడ పొడుగు కర్ర ఆడించడానికి చోటుండదు. ఈ కర్రను ఒడిలో పెట్టుకుని తిన్నగా కిందికి దించవచ్చు. పుట్టి యజమాని జిగ్గును అరచేతిలో వేసుకుని, "ఇంత ముల్లుకు యా చేప పడతాది సారూ" అని నవ్వాడు, తరువాత తనకు కూడా రెండు ఇవ్వమన్నాడు. నదిలో చేప కనిపించదు కనుక లోతు తెలుసుకోవడానికి దారం మీద మూరకొకటి చొప్పున మార్కరు గుర్తులు పెట్టుకోవడం మంచిది. పట్టు వచ్చిన గుర్తుకే మళ్లీ మళ్లీ దించవచ్చు. అక్కడివాళ్లు ఈ పనికి వేలకు వేలు పోసి, శబ్ద తరంగాలతో నీటి కింది చేపను చూపే సోనార్ యంత్రాలు కొంటారు. నీటి మీదికి వెళ్లేవారు ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. కర్నూలు నగరం గుండా పారే కేసీ కాలువలో నీరు వడిగా ఉన్నప్పుడు జిగ్గు కొట్టుకుపోతుంది, స్ప్రింగు ఎప్పుడూ వంగే ఉంటుంది, దానితో ఏదీ తెలియదు. గాలి కూడా శత్రువే. గాలిమరలు తిరిగే అనంతపురం వైపు చెరువుల మీద మధ్యాహ్నం గాలి లేచాక స్ప్రింగు గుండు దానంతట అదే ఊగుతుంది. పొద్దున్నే వెళ్లి ఎండెక్కేలోపు ముగించుకోవాలి. జెల్లలకు ఈ తతంగమంతా అక్కరలేదు, అవి మీసాలతో తడిమి, వాసన పట్టి తింటాయి, అడుగున వానపాము చాలు; పట్టాక వాటి ముళ్లతో జాగ్రత్తగా ఉండాలి. బొచ్చె సంగతి నాకు ఆసక్తి కలిగించింది. దాని నోరు కూడా పైకి తెరుచుకుంటుంది, అది కూడా పై నీటిలోని సూక్ష్మజీవులను తిని బతికే చేపే, కాబట్టి క్రాపీకి దగ్గరి పోలిక ఉందనిపిస్తుంది. కాని అది నీటిని మొప్పలతో వడగట్టుకుని తింటుంది, ఒంటరి పురుగును వెతికి పట్టదు, జిగ్గు వైపు కన్నెత్తి చూడదు. ఒకవేళ పొరపాటున తగులుకున్నా రెండు పౌన్ల దారం దాని ముందు నిలవదు. కొర్రమీను తిరిగే గడ్డి మడుగుల్లోనూ అంతే. ఆ దారాన్ని తీసివేసి నాలుగు పౌన్లది చుట్టుకోవడం మన నీళ్లకు క్షేమం. స్ప్రింగు పనితనంలో పెద్దగా తేడా కనిపించలేదు.

ఎర గురించి పెట్టె చెప్పేదాన్ని నమ్మనక్కరలేదు. ప్లాస్టిక్ పురుగులు నీటిలో అందంగా తోక ఆడిస్తాయి, జిలేబీ వాటిని వచ్చి చూసి పోతుంది. మంచు మీద క్రాపీకి ఎక్కువగా గుచ్చేది తేనెతుట్టెల్లో మైనాన్ని తినే చిమ్మట పురుగు. పాడైన తేనెతుట్టెలు దొరికితే అదే పురుగు మనకూ దొరుకుతుంది. అంతకన్నా సులువైనది ఎండిన జొన్నచొప్పలో ఉంది. రంధ్రం పడిన దంటును చీలిస్తే లోపల కాండం తొలిచే పురుగు తెల్లగా, మెత్తగా ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల జిగ్గుకు అది కొలిచి చేసినట్టు సరిపోతుంది. తోక వైపు కొంచెం చర్మాన్ని మాత్రమే గుచ్చితే చాలాసేపు కదులుతూ ఉంటుంది. పురుగు దొరకని రోజున గోధుమపిండి ముద్దలో కాస్త దూది పీచు కలిపి పిసికి, కందిగింజలో సగం మాత్రమే ముల్లు కొసకు పెట్టాలి. దూది లేకపోతే ఇంత చిన్న ముద్ద నీటిలో నిలవదు. పొద్దున్నే జొన్నరొట్టె తినిపోయే అలవాటు ఉన్నవాళ్లకు ఆ రొట్టె ముక్క కూడా పనికివస్తుంది, కాని అది తొందరగా ఊడిపోతుంది.

వెలిగే పూతలూ, టార్చీ నాకు ఆటవస్తువులుగానే మిగిలాయి. మంచు మీద మళ్లీ హిమం పేరుకుని కింద చీకటి కమ్మినప్పుడు, పొద్దు వాలాక క్రాపీ మేతకు కదిలే వేళకు, ఆ వెలుగు అక్కడ అవసరమే. మన ఎండకు ఆ అవసరం రాదు. కర్రకు పెట్టిన పెద్ద పెద్ద రింగులు కూడా మంచు పేరుకున్నా దారం ఆగకుండా ఉండటానికి పెట్టినవే. ముల్లు తీయడానికి పట్టకారు పెట్టకపోవడం మాత్రం నిజమైన లోటు, ఇంత చిన్న ముల్లును వేళ్లతో తీయడం కుదరదు. మెడికల్ షాపులో దొరికే సన్నని ఫోర్సెప్స్ ఆ లోటు తీర్చింది. చేపను ఎత్తేటప్పుడు గుంజకుండా మణికట్టుతో నెమ్మదిగా లేపడం, కాగితపు నోటి క్రాపీ కోసం పుట్టిన పద్ధతే అయినా, చిన్న ముల్లూ సన్న దారమూ ఉన్నప్పుడు జిలేబీకీ అదే మంచిది.

ఇదంతా చదివి కొనాలనుకునేవారు కిట్టు మొత్తం తెప్పించుకోవద్దని నా సలహా. స్ప్రింగు పట్టీలు, టంగ్‌స్టన్ జిగ్గులు విడివిడిగా దొరుకుతాయి, మిగతావి మన ఊరి గాలం సామాన్ల అంగట్లో తీసుకోవచ్చు. పాత కర్ర విరిగిపోయి కొస భాగం మిగిలి ఉంటే దానికే రేకు కట్టుకోవచ్చు. జిగ్గులు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర టంగ్‌స్టన్ అని రాసి ఉన్నవి తెప్పిస్తే సీసంవి వచ్చాయి, తిరిగి తీసుకోమంటే పొట్లం విప్పారన్న సాకు చెప్పారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. రంగును బ్లేడుతో కొద్దిగా గీకి, ఆ చోటును తెల్ల కాగితం మీద రుద్దితే సీసం బూడిదరంగు గీత గీస్తుంది, టంగ్‌స్టన్ గీయదు. బ్లేడు కొసకు సీసం తెగుతుంది, టంగ్‌స్టన్ తెగదు. ఇది డబ్బుల సంగతి మాత్రమే కాదు. సీసం గుండ్లను పళ్లతో నొక్కి దారానికి బిగించడం మన గట్ల మీద పిల్లలకు కూడా ఉన్న అలవాటు, సీసం విషం. మింగిన సీసం గుండ్ల వల్ల లూన్ అనే నీటిపక్షులు చనిపోతున్నాయని న్యూహాంప్‌షైర్ వంటి అమెరికా రాష్ట్రాలు చిన్న సీసం గుండ్లనూ జిగ్గులనూ నిషేధించాయి. టంగ్‌స్టన్ జిగ్గు ఒక్కొక్కటి సీసం జిగ్గుకు అయిదారింతల ధర పలుకుతుంది, నీటి అడుగున కంపకు తగులుకుని పోతే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా ఈ ఒక్క వస్తువు దగ్గర పొదుపు చూడనక్కరలేదు.

వాడిన తరువాత రేకును తుడిచి ఒక చుక్క కుట్టుమిషను నూనె రాయాలి, లేకపోతే వారం తిరిగేలోపు తుప్పు మచ్చలు వస్తాయి, తుప్పుపట్టిన రేకు సమంగా వంగదు. ప్లాస్టిక్ పురుగులను రంగు రంగుకు విడిగా ఉంచాలి. మార్చి దాటాక బండి డిక్కీలో వదిలేస్తే అవి కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి, డబ్బీని కూడా తినేస్తాయి. చెరువుల్లో వేయదలచుకున్నవారు లీజుకు తీసుకున్నవారి అనుమతి ముందే అడగాలి. కర్ర ఇంత పొట్టిగా ఉంటే చాలామంది అభ్యంతరం చెప్పడం లేదు, పిల్లల ఆట అనుకుంటున్నారు.